పొయ్యి కట్టే ముందు

(మా సంఘం కార్యకర్తల వార్షిక సమావేశంలో ఒక సీనియర్ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్యాహ్నం మనమొక నిర్ణయం చేయాలి. మనకు నిధులిస్తామంటున్న ఒక సంస్థ నుంచి ప్రతిపాదన వచ్చింది. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ తన ఫోన్‌లో ఒక గుర్తు నొక్కితే చాలు, ఫిర్యాదు నమోదయ్యే యాప్ తయారుచేసి ఇస్తారట. ఊరూరా తిరిగి దాన్ని ఆడవాళ్ల ఫోన్లలో ఎక్కించే పని మనది. ప్రతిపాదన కాగితం చాలా బాగుంది. మీలో చాలామంది చదివి సంతోషించారు. మొదట నేనూ సంతోషించినదాన్నే. రెండోసారి చదివినప్పుడు మాత్రం నాకు ఎప్పటిదో ఒక పొయ్యి గుర్తుకొచ్చింది. మీరు ఓపిక పడితే ముందు ఆ పొయ్యి సంగతి చెప్పి, తర్వాత యాప్ దగ్గరికి వస్తాను.

1989లో నేను పనిలో చేరి రెండేళ్లయింది. పాలమూరు జిల్లాలో ఒక ఊరు. అప్పుడు దేశమంతటా పొగరాని పొయ్యిల కార్యక్రమం జోరుగా నడుస్తోంది. మా సంస్థకు ఆ ఊళ్లో నలభై పొయ్యిలు కట్టించే పని అప్పగించారు. శిక్షణ పొందిన మేస్త్రీని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. కళ్లు మండుతున్నాయా అని అడిగితే మండుతున్నాయన్నారు. దగ్గు వస్తుందా అంటే వస్తుందన్నారు. పొగ లేకపోతే బాగుంటుందా అంటే ఎందుకు బాగుండదన్నారు. నేనడిగినవి ఈ మూడే ప్రశ్నలు. మూడూ అవుననిపించుకోవడానికి అడిగినవే. ఆ ప్రశ్నలు ప్రజలనుంచి నేర్చుకోవడానికి కాదు, రిపోర్టులో రాసుకోవడానికి అని నాకప్పుడు తెలియదు.

నలభై పొయ్యిలూ కట్టించాం. ఫొటోలు తీశాం. లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తయిందని రాశాం. ఏడాది తిరిగాక వెళ్లి చూస్తే వాడుతున్న ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. కొన్నిచోట్ల గొట్టం విరిగిపోయింది. కొన్నిచోట్ల గొట్టం మసితో పూడుకుపోయి పొగంతా తిరిగి ఇంట్లోకే వస్తోంది. ఒక ఇంట్లో ఆ పొయ్యిలో గడ్డి పరిచి కోడిని పొదగేశారు. నాకు కోపమొచ్చింది. ఇంత కష్టపడి మీకోసమే కదా కట్టించాం అన్నాను. ఆ ఇంటావిడ నన్ను కూర్చోమంది.

"పొయ్యి మంచిదే బిడ్డా. దాని నోరు చిన్నగున్నది. కట్టెలు సన్నగ చీల్చాలె. చీల్చనీకి నాకు యాళ యాడున్నది? పత్తికట్టె పొడుగుది పొడుగు పెట్టి, తోసుకుంట పిల్లకు పాలిస్త. నీ పొయ్యిల అట్ల కుదరదు" అంది.

అప్పుడు కూర్చుని అడిగాను, నీకు రోజు ఎట్లా గడుస్తుందమ్మా అని. తెల్లవారుజామున మూడింటికి లేచి బోరింగు దగ్గర వరసలో బిందె పెడుతుంది. నీళ్లు తెచ్చుకునేసరికి ఐదవుతుంది. చీకట్లోనే గటకో రొట్టో చేసి, పిల్లలకింత పెట్టి, సద్ది కట్టుకుని ఏడింటికల్లా కూలికి పోవాలి. ఆలస్యమైతే ఆ పూట కూలి లేదు. పొగవల్ల కళ్లు పోతాయని ఆమెకు తెలియక కాదు. పొగ ఆమె కష్టాల్లో ఒకటి. అన్నిటికన్నా పెద్ద కష్టం పొద్దున ఆ రెండు గంటలు. మేం కట్టించిన పొయ్యి పొగను కొంత తగ్గించిందేమోగానీ, కట్టెలు చీల్చే పని, గొట్టం శుభ్రం చేసే పని ఆమె నెత్తినే పెట్టింది. ఇంకో ఇంట్లో అత్తగారు మరో సంగతి చెప్పింది. విత్తనాల కంకులు పొయ్యి పైన వేలాడదీస్తామని, పొగ తగిలితేనే వాటికి పురుగు పట్టదని. ఇవేవీ ముందు మేమడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లే.

ఇది నా ఒక్కదాని పొరపాటైతే మీ సమయం తీసుకోను. ఈ పొయ్యిలకు పెద్ద చరిత్రే ఉంది. మన హైదరాబాద్‌లోనే, ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి తయారుచేసి, 1953లో దానిమీద పుస్తకం కూడా ప్రచురించారు. తర్వాత 1970లలో చమురు ధరలు పెరిగినప్పుడు ప్రపంచమంతా వంటచెరకు మీద కూడా దృష్టి పెట్టింది. పేదలు కట్టెలు కాల్చి అడవుల్ని అంతం చేస్తున్నారన్నారు. కాబట్టి తక్కువ కట్టెలు తినే పొయ్యి కావాలన్నారు. మన ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం 2002లో ముగిసేదాకా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. అడవుల నరికివేతకు ప్రధాన కారణం పల్లెల్లో ఆడవాళ్లు ఏరుకొచ్చే ఎండుపుల్లలూ పత్తికట్టే కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అంటే సమస్యను తప్పుగా పట్టుకున్నారు. ఆ తప్పు సమస్యకు పరిష్కారాన్ని ఆడదాని వంటింట్లో పెట్టారు. ఆమె వాడకపోతే, వీళ్లకు చైతన్యం లేదన్నారు.

పొగ చిన్న విషయమని నేననడం లేదు. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గుజరాత్ పల్లెల్లో వంటచేసే స్త్రీలు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచి చూపించారు. ఇళ్లలోని పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సమస్య నిజమైనదే. సమస్య నిజమైనంత మాత్రాన మనం తెచ్చిన పరిష్కారం సరైనదైపోదు. ఒడిశాలో రెండువేల అయిదువందలకు పైగా కుటుంబాల మీద రెమా హానా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు నాలుగేళ్లపాటు చేసిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. ప్రయోగశాలలో బాగా పనిచేసిన పొయ్యే అది. మొదటి ఏడాది స్త్రీలు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా లేకుండా పోయింది. ఆరోగ్యంలోగానీ కట్టెల వాడకంలోగానీ మార్పు కనిపించలేదు. కారణం, వాళ్లు ఆ పొయ్యిని అప్పుడప్పుడే వాడారు, బాగుచేయించుకోవడం మానేశారు. ఇది చదివినప్పుడు నాకు పాలమూరు కోడి గుర్తొచ్చింది.

కట్టెలపొయ్యి పోయి గ్యాసుపొయ్యి వచ్చాకైనా మనం నేర్చుకున్నామా? 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల ద్వారా పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. కనెక్షన్ లేకపోవడమే సమస్య అనుకున్నారు. కనెక్షన్ వచ్చింది. కానీ ఉజ్వల లబ్ధిదారులు ఏడాదికి సగటున మూడు చిల్లర సిలిండర్లే తీసుకుంటున్నారని 2019లో కాగ్ నివేదిక చెప్పింది. ఎందుకని? ఏ రోజు కూలి ఆ రోజు వచ్చే ఇంట్లో ఒక్కసారిగా సిలిండరు డబ్బు తీయడం కష్టం. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? కట్టెలు ఏరుకొచ్చేది ఆమె, కాబట్టి ఇంటి లెక్కల్లో కట్టెలు ఉచితం. సిలిండరుకు ఆయన జేబులోంచి తీయాలి, కాబట్టి అది దుబారా. ఆడదాని శ్రమకు విలువ కట్టని ఇంట్లో ఆమె శ్రమను తగ్గించే వస్తువుకు డబ్బు ఎందుకొస్తుంది? 2024లో రెండు తెలుగు రాష్ట్రాలూ సిలిండరు ఖర్చు తగ్గించే పథకాలు మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచితం, తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు. మంచిదే. అయితే మొదలుపెట్టినప్పుడు ముందు మొత్తం డబ్బు కడితే తర్వాత ఖాతాలో వేసే పద్ధతి పెట్టారు. ముందు ఆ డబ్బు తేవడమే కదా ఆమె సమస్య! దీపం వచ్చిన పాతికేళ్లకు కూడా ఆ ఒక్క ముక్క ఆమెను అడిగినవాళ్లు లేరు.

అడిగితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు తీసుకుంటాను.

మొదటిది కర్ణాటకలో, తుంకూరు జిల్లా పుర గ్రామం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత కోసం అమూల్య రెడ్డి గారు 1974లో అస్త్ర అనే కేంద్రం ప్రారంభించారు. వాళ్లు పుర గ్రామంలో ఊరందరి పేడతో నడిచే గోబర్ గ్యాసు ప్లాంటు కట్టారు. ఇళ్లకు వంటగ్యాసు ఇవ్వాలని వాళ్ల ఉద్దేశం. అది నడవలేదు. అన్ని ఇళ్ల వంటకు గ్యాసు చాలలేదు. కట్టెలు ఊరికే దొరుకుతుంటే జనానికి పట్టుదల లేదు. అక్కడితో ప్రజలను నిందించి వెళ్లిపోవచ్చు. వాళ్లు వెళ్లిపోలేదు. ఊరివాళ్లకు నిజంగా ఏం కావాలో విన్నారు. ఊరివాళ్లు మంచినీళ్లు కావాలన్నారు. 1987లో అదే ప్లాంటు గ్యాసుతో ఇంజను నడిపి, కరెంటు పుట్టించి, బోరునుంచి నీళ్లు తోడి కుళాయిలకు ఇచ్చారు, దీపాలు వెలిగించారు. పేడ తెచ్చిన ఇంటికి డబ్బిచ్చారు, మిగిలిన ఎరువు తిరిగి ఇచ్చారు. వంటకోసం రాని పేడ నీళ్లకోసం వచ్చింది. యంత్రం దాదాపు పాతదే, ప్రశ్న మారింది. నీళ్లు మోసేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. పుర సంగతి నాకు తెలిసేనాటికి పాలమూరు ఊళ్లో మా పొయ్యిలు కట్టడం అయిపోయింది. మూడింటికి లేచి బిందె పెట్టే ఆవిడ కూడా నాకు చెప్పింది అదే కదా అనుకున్నాను.

రెండోది మనకందరికీ తెలిసిందే. నెల్లూరు జిల్లా, దూబగుంట. అక్కడికి ప్రభుత్వం తీసుకెళ్లింది అక్షరాస్యత. సాయంత్రం లాంతరు కింద కూర్చుని చదువుకుంటున్న స్త్రీలు, సారా గురించిన పాఠం దగ్గర ఆగి, ఇది మా ఇంటి కథే అన్నారు. చదువుకు మేం రోజూ ఎందుకు రాలేకపోతున్నామో చెప్పారు. మగవాళ్లు తాగొచ్చి కొడుతుంటే, కూలిడబ్బులు సారా దుకాణానికి పోతుంటే పలక పట్టుకుని ఏం చేయాలన్నారు. 1992లో వాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే పోరాటం. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. చదువు చెప్పడానికి వచ్చినవాళ్లు, ఇది మా పాఠ్యప్రణాళికలో లేదు, అక్షరాలు దిద్దండి అని ఉంటే ఆ ఉద్యమం ఉండేదా? నెల్లూరు స్త్రీలు ఆ తర్వాత రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. సారాకు పోయే రూపాయి చేతిలో మిగిలాక వచ్చిన ఆలోచన అది. సమస్యను వాళ్లే చెప్పారు, పరిష్కారం వాళ్ల చేతులమీదుగానే వచ్చింది.

ఇప్పుడు యాప్ దగ్గరికి వస్తాను. ఆ కాగితంలో మొదటి పేజీలో ఒక వాక్యముంది. ఫిర్యాదు చేసే సులభమైన మార్గం లేకపోవడం వల్ల స్త్రీలు హింసను భరిస్తున్నారని. ఈ వాక్యం ఎవరు చెప్పారు? మన కేంద్రాలకు వచ్చిన స్త్రీలలో ఎవరైనా చెప్పారా? నేను కేసుల పుస్తకాలు తిరగేశాను. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియలేదన్నవాళ్లు ఉన్నారు. కానీ ఎక్కువమంది అన్న మాటలు వేరు. ఫిర్యాదు చేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నారు. పిల్లల్ని ఎవరు ఉంచుకుంటారు అన్నారు. పుట్టింట్లో నాలుగు రోజులకు మించి ఉండనివ్వరు అన్నారు.

దేశం మొత్తం లెక్కలు కూడా దగ్గరదగ్గరగా అదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింస అనుభవించిన స్త్రీలలో సహాయం కోరినవాళ్లు 14 శాతం. 77 శాతం మంది సహాయం కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. సహాయం కోరినవాళ్లలో ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికి. పోలీసుల దగ్గరికి వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది. తాను సొంతంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమేనని కూడా అదే సర్వే చెప్పింది. ఫోన్ ఉన్నా రాత్రి దాన్ని తెరిచి చూసేది ఎవరు? ఆ గుర్తు భర్త కంటపడితే ఆమెకు ఏమవుతుంది? మనం రక్షణ అనుకుని ఎక్కించింది ఆమెకు ఇంకో దెబ్బకు కారణం కావచ్చు. పొగరాని పొయ్యి పనిచేయకపోతే కోడి పొదిగింది. ఇది పనిచేయకపోతే ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

యాప్ వద్దని నేననడం లేదు. కావాలో వద్దో నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలుసుకున్నాక నిర్ణయిద్దామంటున్నాను.

దీనికి మన చిన్న చెల్లెళ్లు రెండు మాటలన్నారు. మనం అడుగుతూ కూర్చుంటే ఈలోగా దెబ్బలు తినేవాళ్ల సంగతేమిటని ఒక మాట. న్యాయమైన ప్రశ్నే. 181 హెల్ప్‌లైన్ ఉంది, సఖి కేంద్రాలున్నాయి, 2005 గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇచ్చింది. అడగడానికి వెళ్లినప్పుడు ఇవి చెబుతూనే ఉంటాం, వచ్చిన కేసులు చూస్తూనే ఉంటాం. ఏ పనీ ఆపం. రెండో మాట, ఏం కావాలంటే వాళ్లేం చెబుతారు, వాళ్లకు తెలియదు కదా అని. ఇందులో సగం నిజముంది. ఏం కావాలని అడిగితే ఇల్లు కావాలి, పింఛను కావాలి అంటారు. మనం ఏమిస్తామనుకుంటారో అది అడుగుతారు. అందుకని అడిగే పద్ధతి మారాలి. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నవి చెబుతాను.

చేతిలో వస్తువు పెట్టుకుని వెళ్లొద్దు. యాప్ పేరే ఎత్తొద్దు. వస్తువు చూపించి నచ్చిందా అంటే, ఇంటికొచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని నచ్చిందంటారు.

రేపు ఏం చేస్తావని అడగొద్దు, జరిగినదాన్ని అడగండి. క్రితంసారి గొడవైనప్పుడు ముందు ఎవరింటికి వెళ్లావు? ఎలా వెళ్లావు, చేతిలో డబ్బుందా? ఎవరు తోడొచ్చారు? మళ్లీ ఎందుకు తిరిగి వెళ్లావు? ఇలా అడిగితే ఆమె ఇప్పటికే వెతుక్కున్న దారి కనిపిస్తుంది. పక్కింటి ఆవిడ తలుపు తీసి ఉంచుతుందేమో. ఆ పక్కింటి ఆవిడకు మనం తోడుగా నిలబడటమే కావలసిన సహాయమేమో.

విడిగా కూర్చోండి. అత్త ముందు కోడలు, కోడలి ముందు అత్త నిజం చెప్పరు. సంఘం లీడర్ ఇంట్లో మీటింగు పెట్టి సమస్యలు రాసుకుంటే లీడర్ సమస్యలే దొరుకుతాయి. దళితవాడకూ తండాకూ ఇంకో రోజు వెళ్లండి.

మన దగ్గరికి వచ్చి మళ్లీ రానివాళ్లను వెతికి అడగండి. వాళ్లకు మనవల్ల ఉపయోగం లేకపోయి ఉంటుంది. ఎందుకో వాళ్లకే తెలుసు. మనకు చాలా కష్టంగా ఉండే సంభాషణ అది.

ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాయండి. ఆఫీసు భాషలోకి మార్చొద్దు. నీళ్లకు రెండు గంటలు అని ఆమె అంటే మౌలిక వసతుల లేమి అని మనం రాస్తాం, ఆ రెండు గంటలు అక్కడే పోతాయి. చివరగా, విన్నది ఏం చేశామో తిరిగి వెళ్లి చెప్పండి. అడిగి వెళ్లిపోయేవాళ్లను మన ఊళ్లు చాలామందిని చూశాయి.

ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఇది హక్కుల ప్రశ్న. తన సమస్య ఏమిటో చెప్పుకునే హక్కు ఆమెది. ఇంట్లో మగవాళ్లు ఆమెను అడగరు, పథకాలు రాసేవాళ్లు అడగరు. మనం కూడా అడగకపోతే, ఆమెకోసం ఇంకొకరు నిర్ణయాలు చేసే వరసలో మనమూ ఒకరమే.

నా ప్రతిపాదన ఇది. ఆ సంస్థకు జవాబు రాద్దాం. యాప్‌కన్నా ముందు మూడు నెలలు వినడానికి ఇవ్వమని అడుగుదాం. మన కేంద్రాలకు వచ్చినవాళ్లను, రానివాళ్లను, వచ్చి మానేసినవాళ్లను కలుద్దాం. వాళ్ల పేర్లు బయటికి రాకుండా చూద్దాం. మూడు నెలల తర్వాత ఇక్కడే కూర్చుని కాగితం మొదటి పేజీలో వాక్యాన్ని మళ్లీ రాద్దాం. అది వాళ్లు చెప్పిన వాక్యమై ఉండాలి. అప్పటికీ యాప్ కావాలని తేలితే ఊరూరా ఎక్కించడానికి ముందు నేనే బయలుదేరతాను. ఆ సంస్థ ఒప్పుకోకపోవచ్చు, ఈ ఏడాది మనకు ఆ డబ్బు రాకపోవచ్చు. ఇద్దరు కార్యకర్తల జీతాలు దానిమీదే ఆధారపడి ఉన్నాయని నాకు తెలుసు. అందుకే ఇది నేనొక్కదాన్ని చేసే నిర్ణయం కాదంటున్నాను.

భోజనాల తర్వాత చర్చ పెట్టుకుందాం. ఒక్క మనవి. ఇందాక మాట్లాడనివాళ్లు ముందు మాట్లాడాలి.